పదిహేడు మంది పిల్లల బడి

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లాలో చిన్న ఊరు. నేను బట్టలు కుడతాను, మా ఆయన ఆటో నడుపుతాడు. పాప ఊరి సర్కారు బడిలో మూడో తరగతి. బాబును వచ్చే జూన్‌లో ఒకటో తరగతిలో వేయాలి. బడిలో మొత్తం 17 మంది పిల్లలు, ఇద్దరు సార్లు. అందులో ఒక సారును వారానికి మూడు రోజులు వేరే ఊరి బడికి పంపుతున్నారు. చాక్‌పీసులు, చీపుర్లు కూడా పెద్దసారు సొంత డబ్బుతో తెస్తున్నాడు. టీవీలో చూస్తే చదువుకు వేల కోట్లు అంటారు. ఆ డబ్బంతా ఎటు పోతోంది? మా చెల్లెల్ని జగ్గయ్యపేట దగ్గర ఇచ్చాం. అక్కడ తల్లుల ఖాతాలో డబ్బులు వేస్తున్నారు, మాకు అదీ లేదు. పొద్దున్నే ఊళ్లోకి ప్రైవేటు బడి పచ్చ బస్సు వస్తుంది. ఫీజు 24 వేలు, బస్సుకు 9 వేలు. అందరూ పంపుతున్నారు. మేమూ పంపాలా? మేం కూడా తీసేస్తే బడి మూతపడుతుందని పెద్దసారు బాధపడుతున్నాడు. రాత్రిళ్లు ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. ఒకటి డబ్బు గురించి, ఒకటి పాప గురించి, ఒకటి ఊరి గురించి. నేను పాపతో మొదలుపెడతాను. డబ్బు సంగతి, ఊరి సంగతి కొంత ఆగగలవు. పాపకు మూడో తరగతి మళ్లీ రాదు.

ఈ ఆదివారం పాప పక్కన కూర్చోండి. బడిలో చెప్పిన పాఠం వద్దు, అది కంఠతా వచ్చి ఉంటుంది. పేపర్లో పిల్లల పేజీలో వచ్చే చిన్న కథ, ఎనిమిది పది లైన్లది, చేతికివ్వండి. వత్తుల దగ్గర, గుణింతాల దగ్గర ఆగిపోతోందా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోందా, లేక మాట మాటగా చదువుతోందా చూడండి. చదివాక పుస్తకం మూసి, కథలో ఏం జరిగిందో చెప్పమనండి. తర్వాత 52లోంచి 27 తీసేయమనండి. కోప్పడకండి, పక్కనుంచి అందించకండి. పది నిమిషాల పని. ఇదే కథ, ఇదే లెక్క పచ్చ బస్సులో వెళ్లే పక్కింటి మూడో తరగతి పిల్లకు కూడా ఇచ్చి చూడండి. ఈ రెండోది చాలామంది తల్లిదండ్రులు చేయరు. చేస్తే సగం గందరగోళం అక్కడే పోతుంది.

ఎందుకంటున్నానంటే, దేశమంతా పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూసే ‘అసర్’ అనే సర్వే ఒకటి ఉంది. 2024లో వాళ్లు చూసినప్పుడు, ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. ప్రైవేటులో 35.5 శాతం. ప్రైవేటు ముందుందన్న మాట నిజమే, దాన్ని దాచను. కానీ ఫీజు కట్టి పంపిన ముగ్గురు పిల్లల్లో దాదాపు ఇద్దరు అక్కడా చదవలేకపోతున్నారు. పైగా ఆ తేడాలో కొంత ఇంటిది. ఫీజు కట్టగలిగిన ఇంట్లో తల్లో తండ్రో కాస్త చదువుకుని ఉంటారు, ట్యూషన్ పెట్టగలుగుతారు. బస్సు ఎక్కించినంత మాత్రాన చదువు వచ్చేయదని చెప్పడానికే ఈ లెక్క.

ఇక డబ్బు. దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను. మీ కోపం న్యాయమైనది. అయితే ఆ కోపంతో ఎవరిని ఏం అడగాలో తెలియాలంటే లెక్క అర్థం కావాలి.

తెలంగాణ ప్రభుత్వం 2025–26 బడ్జెట్ మొత్తం 3,04,965 కోట్లు. అందులో విద్యకు పెట్టింది 23,108 కోట్లు. అంటే వంద రూపాయల్లో ఏడున్నర. మిగతా రాష్ట్రాలు సగటున 14, 15 రూపాయల దాకా పెడుతున్నాయి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన గురుకులాల ఖర్చులో చాలా భాగం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ సంక్షేమ శాఖల పద్దుల్లో ఉంటుంది. అది కలిపితే ఏడున్నర కొంత పెరుగుతుంది. కలిపినా తక్కువే అని నా అభిప్రాయం. ‘చదువుకు ఆరు శాతం పెట్టాలని కొఠారీ కమిషన్ చెప్పింది, మనం ఏడున్నర పెడుతున్నాం కదా’ అని ఎవరైనా అంటే నమ్మకండి. 1966లో ఆ కమిషన్ చెప్పిన ఆరు శాతం దేశ ఆదాయంలో, బడ్జెట్‌లో కాదు. రెండూ వేరు.

ఆ 23 వేల కోట్లలో అత్యధిక భాగం జీతాలకే పోతుంది. అది తప్పు కాదు. బడి అంటే ముందు పాఠం చెప్పే మనిషే కదా. మీ బడినే తీసుకుందాం. ఇద్దరు సార్ల జీతాలు కలిపి నెలకు లక్షన్నర అనుకోండి. ఏడాదికి 18 లక్షలు. 17 మందికి పంచితే ఒక్కో పిల్లకు లక్షా ఆరు వేలు. పచ్చ బస్సు బడి వసూలు చేసేదానికి మూడు రెట్లకు పైనే.

ఇప్పుడు చాక్‌పీసుల లెక్క చూడండి. సమగ్ర శిక్ష అనే బడుల పథకం కింద బడికి ఏటా కాంపోజిట్ గ్రాంట్ అని వస్తుంది. కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు. 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10 వేలు. 30 దాటితే 25 వేలు, 100 దాటితే 50 వేలు. మీ బడికి వచ్చేది 10 వేలు. అంటే ఒక్కో పిల్లకు ఏడాదికి 588 రూపాయలు. చాక్‌పీసు, రిజిస్టరు, విరిగిన కిటికీ, కాలిన బల్బు, చిన్న చిన్న రిపేర్లు, అన్నీ అందులోంచే. అదీ విడతలుగా, ఆలస్యంగా వస్తుంది.

ఒకే బడి, ఒకే పిల్ల. ఒక లెక్కలో లక్ష దాటింది, ఇంకో లెక్కలో ఆరు వందలు లేదు. టీవీలో చెప్పేదీ నిజమే, పెద్దసారు జేబులోంచి పెట్టుకునేదీ నిజమే. భోజనం సంగతీ ఇంతే. బియ్యం విడిగా ఇస్తారు. పప్పు, కూరగాయలు, నూనె, గ్యాస్‌కు 2025 మే నుంచి ప్రైమరీ పిల్లకు రోజుకు 6 రూపాయల 78 పైసలు. 17 మందికి కలిపి 115 రూపాయలు. రెండు వందల మంది ఉన్న బడిలో ఆ రేటుతో ఎలాగోలా వండొచ్చు. 17 మందికి ఆ డబ్బుతో కూర చేసే అక్కను ఒకసారి అడగండి, ఎలా చేస్తోందో చెప్తుంది. (గుడ్డు డబ్బు వేరే.)

ఈ లెక్కలో మీ ఊరికి ప్రమాదం ఎక్కడుందంటే, పిల్లలు తగ్గేకొద్దీ తలసరి ఖర్చు పెరిగిపోతుంది. పైనున్న ఆఫీసర్‌కు కాగితం మీద అదొక్కటే కనిపిస్తుంది. ఇంతమందికి ఇద్దరు టీచర్లెందుకని ఒకరిని వేరే బడికి సర్దుబాటు చేస్తారు. టీచర్ తగ్గితే పాఠాలు తగ్గుతాయి. అది చూసి ఇంకో నలుగురు బస్సెక్కుతారు. 2024–25లో ఒక్క పిల్ల కూడా లేని బడులు తెలంగాణలో 2,245 ఉన్నాయని కేంద్రం లెక్కలు చెప్పాయి. వాటిలో చాలా బడులు ఒకప్పుడు పదిహేడు మంది పిల్లల బడులే అయ్యుంటాయి.

మీ చెల్లెలి ఊరి సంగతి కూడా చెప్పుకుందాం. ఆంధ్రలో తల్లికి వందనం కింద పిల్లకు 15 వేలు. 2025 జూన్‌లో వేసినప్పుడు 13 వేలు తల్లి ఖాతాలో పడ్డాయి, 2 వేలు బడి నిర్వహణకు పట్టుకున్నారు. అంతకు ముందు ప్రభుత్వం అమ్మ ఒడి అని ఇచ్చింది. ప్రైవేటులో చదివే పిల్లలకూ వస్తుంది. ఇంట్లో ఆ డబ్బు విలువేమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు, మీ చెల్లెలికి అందుతున్నందుకు సంతోషం. అలాగే 2019 నవంబర్‌లో మొదలైన నాడు–నేడుతో అక్కడ మొదటి విడతలోనే 15 వేలకు పైగా బడులకు మరుగుదొడ్లు, మంచినీళ్లు, బల్లలు, రంగులు వచ్చాయి. కళ్లారా చూసిన పని అది. అయినా 2024–25 లెక్కల్లో ఒకే టీచర్‌తో నడుస్తున్న బడులు దేశంలో అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే, 12,912. తల్లికి డబ్బు ఇవ్వొచ్చు, గోడకు రంగు వేయొచ్చు. తరగతిలో మనిషి లేకపోతే పిల్లకు చదవడం రాదు. మన దగ్గర 2022లో మొదలైన మన ఊరు–మన బడి కూడా అంతే. 26,065 బడులకు 7,289 కోట్లు అన్నారు. మొదటి విడతలో 9,123 బడులు తీసుకున్నారు. చాలాచోట్ల బిల్లులు రాక పనులు మధ్యలో ఆగాయి. టీచర్ల విషయంలో చూస్తే, 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ కొత్త టీచర్లు బడుల్లో అడుగుపెట్టింది 2024 అక్టోబర్‌లో. 11,062 పోస్టుల డీఎస్సీ అది. ఈ మధ్యలో ఎన్ని పల్లె బడులు ఒక్క సారు మీద నెట్టుకొచ్చాయో ఆ సార్లకే తెలుసు.

నేను టీచర్ ఉద్యోగంలో చేరిన కొత్తలో నాలుగేళ్లు ఒక్కణ్నే ఐదు తరగతులు చూశాను. దాని బాధ ఎలాంటిదో చెప్తాను, మీ బడిని మీరు ఏం అడగాలో దానివల్ల తెలుస్తుంది. రోజుకు ఐదు గంటల పాఠం అనుకోండి. ఐదు తరగతులకు పంచితే తరగతికి గంట. తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, నాలుగు సబ్జెక్టులు. ఒక్కోదానికి పావుగంట. మిగిలిన నాలుగు గంటలు పిల్లలు పలకల మీద రాసిందే రాస్తూ కూర్చునేవారు. మీటింగ్‌కు వెళ్తే బడికి తాళం. రెండో టీచర్ వచ్చిన ఏడాది, ఆమె ఒకటి, రెండు తరగతులు తీసుకుంది. జనవరి కల్లా ఒకటో తరగతి పిల్లలు మాటలు చదివారు. గదులు అవే, బల్లలు అవే, గ్రాంట్ కూడా అదే. అందుకే మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఫీజు అంకె కాదు. వారానికి మూడు రోజులు పక్క ఊరికి వెళ్తున్న ఆ సారు.

1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం వచ్చినప్పుడే ప్రతి బడికీ కనీసం ఇద్దరు టీచర్లు, రెండు గదులు అన్నారు. 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం దాన్ని రాసిపెట్టింది. ప్రైమరీ బడిలో 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు ఉండాలి. కాబట్టి మీ రెండో సారును పూర్తిగా మీ బడికే ఉంచమని అడగడం దయ కోరడం కాదు. ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఆ సర్దుబాటు ఆర్డర్ కాపీ ఉంటుంది. అది ఎప్పటిదాకా అని అడగండి. నోటిమాట చెప్తే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల స్థాయి ఆఫీసుకు ఫీజు 5 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు కాపీ జత చేస్తే అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అయితే అంతకంటే ముందు పక్క ఊరి బడిలో ఏం జరుగుతోందో తెలుసుకోండి. అక్కడ ఉన్న ఒక్క టీచర్ రిటైర్ అయ్యి, ఆ పిల్లలకు మీ సారే దిక్కయి ఉండొచ్చు. అప్పుడు రెండు ఊళ్ల తల్లులు కలిసి ఒకే దరఖాస్తు మీద సంతకాలు పెట్టండి. వాళ్లతో పోట్లాడే పని పెట్టుకోకండి.

ఒంటరిగా వెళ్లొద్దు. మీరు మహిళా సంఘంలో ఉంటే పని సులువు. 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలనే బడి కమిటీలు, ఊళ్లోని మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం అధ్యక్షురాలి ఆధ్వర్యంలోనే నడుస్తున్నాయి. పెద్దసారు వాటికి కన్వీనర్. బడి శుభ్రానికి 30 మంది లోపు పిల్లలుంటే నెలకు 3 వేలు ఇస్తామని ప్రభుత్వం ఆ ఏడాదే చెప్పింది. మీ బడికి అది వస్తోందా, ఊడ్చే మనిషికి అందుతోందా, కమిటీ సమావేశంలో అడగండి. చీపుర్లు పెద్దసారు తెస్తున్నాడంటే ఎక్కడో ఆగిపోయి ఉండాలి. పెద్దసారు మీద అనుమానంతో మాత్రం అడగకండి. సొంత డబ్బు పెట్టేవాడు మీ పక్షాన ఉన్నట్టే. ఆయన నేరుగా పైవాళ్లను అడగలేడు, మీరు అడగగలరు.

ఇప్పుడు పాప గురించి నా నిర్ణయం. ఆదివారం చదివించి చూసినప్పుడు పాప కథను మాట మాటగా చదివి, ఏం జరిగిందో చెప్పగలిగితే, ఈ బడి మాన్పించొద్దు. ఆ 33 వేలు పక్కన పెట్టండి. వచ్చే ఏడాది పాప నాలుగో తరగతిలో ఉండగా గురుకులాల ఐదో తరగతి ప్రవేశ పరీక్ష రాయించండి. సీటు వస్తే హాస్టల్‌తో సహా చదువు ఉచితం. ఐదో తరగతికే దూరం పంపడం ఇష్టం లేకపోతే, ఆరు నుంచి దగ్గరి హైస్కూల్ ఉంది, కస్తూర్బా బాలికల విద్యాలయం ఉంది. ఇంగ్లిష్ కోసమే ప్రైవేటు అనుకుంటున్నారా? 2022–23 నుంచి మన సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు మీ ఇంట్లోనే ఉంటాయి, చూడండి.

కూడబలుక్కుని చదువుతోంటే భయపడకండి, కానీ ఊరుకోకండి. పెద్దసారుతో చెప్పండి. 2022 ఆగస్టు నుంచి ప్రైమరీ బడుల్లో ‘తొలి మెట్టు’ నడుస్తోంది. ఏ పిల్ల ఎక్కడ ఆగిందో రాసుకుని, అక్కడి నుంచి నేర్పడమే దాని పని. మీ పాప పేరు ఎదురుగా ఏం రాశారో చూపించమనండి. ఇంట్లో రోజూ రాత్రి ఇరవై నిమిషాలు గట్టిగా చదివించండి. మిషన్ మీద మీరు కుడుతూనే వినొచ్చు. వేసవి సెలవులకు ముందు ఇంకోసారి అలాగే చూడండి. అప్పటికి మెరుగుపడితే ఉంచండి. పాప అక్కడే ఆగిపోయి, రెండో సారు కూడా తిరిగి రాకపోతే, జూన్‌లో మార్చండి. ఆ మాట రాయడానికి నాకు కష్టంగానే ఉంది. బడిని నిలబెట్టే భారం తొమ్మిదేళ్ల పిల్ల మీద పెట్టకూడదు. మార్చేటప్పుడు కూడా మొదట చూడాల్సింది పచ్చ బస్సు బడి కాదు. మూడు కిలోమీటర్ల లోపు నలుగురైదుగురు టీచర్లున్న సర్కారు బడి ఏదైనా ఉందేమో కనుక్కోండి. మీ ఆయన ఆటోలోనే ఆరేడుగురు పిల్లలు వెళ్లొచ్చు. ప్రైవేటే అనుకుంటే, బిల్డింగ్ చూసి రాకండి. మూడో తరగతి గదిలో అరగంట కూర్చుంటామని అడగండి. ఒప్పుకోకపోతే వచ్చేయండి. ఏటేటా ఫీజు ఎంత పెంచారో పాత పిల్లల తల్లుల్ని అడగండి. ఇద్దరు పిల్లలకు ఇప్పటి రేటుకే 66 వేలు. అప్పు చేసి మొదలుపెడితే, ఏడో తరగతికి వచ్చేసరికి కట్టలేక మాన్పించాల్సి వస్తుంది. అలా మధ్యలో సర్కారు బడికి తిరిగొచ్చిన పిల్లల ముఖాలు నేను చూశాను. ఏ తల్లికీ ఆ రోజు రాకూడదు.

మీరు తీసేస్తే బడి మూతపడుతుందా అన్నది చివరి ప్రశ్న. మీ ఒక్క పాపతో మూతపడదు. ఊళ్లో ఎవరైనా ఆ మాట మీ మీద వేస్తే పట్టించుకోకండి. ఇన్నాళ్లూ మిగిలిన 17 ఇళ్లలో మీదీ ఒకటి. ఆ మాట వినాల్సినవాళ్లు వేరే ఉన్నారు. ఇంటి నుంచి కిలోమీటరు లోపు ప్రైమరీ బడి ఉండాలన్నది చట్టం కింద రాసిన నిబంధన. ‘మూసేస్తారట’ అన్న పుకారు పుడితే కాగితం చూపించమని అడగండి. ఈలోపు పచ్చ బస్సు ఎక్కే పిల్లల ఇళ్లలో చదివించి చూసిన సంగతి చెప్పండి. పక్కింటి పిల్ల కూడా వత్తుల దగ్గర ఆగితే ఆ తల్లికీ ఆలోచన వస్తుంది. 17కు ఇంకో 14 మంది తోడైతే గ్రాంట్ 10 వేలు కాస్తా 25 వేలవుతుంది, రెండో సారును కదిలించడానికి సాకు ఉండదు. జూన్‌లో బడిబాట అని సార్లు ఇంటింటికీ వస్తారు. అప్పటికి చాలామంది ప్రైవేటులో అడ్వాన్స్ కట్టేసి ఉంటారు. మీరు ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి.

బడికి వెళ్లడం మాత్రం ఈ వారంలోనే వెళ్లండి. ఈ ఏడాది కాంపోజిట్ గ్రాంట్ ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అని పెద్దసారును అడగండి. మార్చి 31 లోపు వాడని డబ్బు వెనక్కి పోతుంది. మిగిలి ఉంటే చాక్‌పీసులు, చీపుర్లు, ఒకటో తరగతి పిల్లలకు నాలుగు కథల పుస్తకాలు కొనిపించి, బిల్లు మీద కమిటీ సంతకం మీరే దగ్గరుండి పెట్టించండి.